కరాళదత్తుడి అంజనం

తూర్పుకొండల మీద సూర్యబింబం తొంగిచూడగానే అరుణకూట నగరపు ప్రాకారానికి తాపిన వెయ్యిన్నొక్క రాగిరేకులు ఒక్కసారిగా భగ్గుమన్నాయి. గోపురాలు కరిగిన బంగారంలో ముంచి తీసినట్టు మెరిశాయి. సూర్యుణ్ణి తప్ప మరో దైవాన్ని కొలవని ఆ నగరంలో ప్రతి ఉదయమూ పండగే. శంఖాలు ఊదుతారు, కాహళాలు పూరిస్తారు, ముత్తయిదువలు మిద్దెలెక్కి ఎర్రమందారాలు చల్లుతారు.

ఆ ఉదయం శంఖం మోగలేదు. మందారం రాలలేదు. జనమంతా సింహద్వారం ముందు బారులుతీరి కళ్ళకు అంజనం పెట్టించుకుంటున్నారు.

తొమ్మిది రోజుల కిందట నగరంలో బావులన్నీ ఎర్రబడ్డాయి. ఆ నీళ్ళు తాగి ఎవరూ చావలేదు. కాని చూసిన ప్రతివాడూ నెత్తురే అనుకున్నాడు. ఆ మర్నాడే ఎక్కడినుంచో మహామాంత్రికుడు కరాళదత్తుడు వచ్చి, "మీ బావుల్లో విషం కలిపిన శత్రువులు మీ మధ్యనే ఉన్నారు. ఈ అంజనం పెట్టుకుంటే వాళ్ళ నిజరూపం మీకే కనిపిస్తుంది!" అని చాటాడు. జనం పెట్టుకున్నారు. చూశారు. గాజులవాడలో ఉండే నీలదీపులకు కోరలు కనిపించాయి.

నీలదీపులు సూర్యుణ్ణి కొలవరు. నేలమాళిగలో నీలం దీపమొకటి వెలిగించి, అది కొండెక్కేదాకా పెదవి విప్పకుండా కూర్చుంటారు. పరాయివాళ్ళను లోపలికి రానివ్వరు. గాజు ఊదటం వాళ్ళ వృత్తి. నగరంలో ప్రతి ఆడకూతురి చేతికీ వాళ్ళు చేసిన గాజులే. అయినా కొన్న గాజుల్ని ముమ్మారు కడిగిగాని ఎవరూ తొడుక్కోరు.

"అన్నా, మహారాజు ఆజ్ఞ వచ్చింది," అంటూ ఉపనాయకుడు పరిఘుడు గుర్రాన్ని ఆపాడు. అతని కళ్ళ చుట్టూ అంజనం దట్టంగా మెరుస్తోంది. "సూర్యుడు నడినెత్తికి రాగానే గాజులవాడకు నిప్పు పెట్టాలట. మన మూడువందల గుర్రాలూ చుట్టూ నిలబడాలి."

అశ్వదళ నాయకుడు కేతుమాలి పిడికిలి బిగించాడు. "విషం కలిపింది నలుగురో అయిదుగురో అయి ఉంటారు, పరిఘా! వాడంతా కాల్చటం ఏం న్యాయం? నేను మారువేషంలో వెళ్ళి విషం దాచిన చోటు కనిపెడతాను. రుజువు దొరికితే దోషుల్ని మాత్రమే శిక్షించమని ప్రభువు కాళ్ళు పట్టుకుంటాను."

"ఒంటరిగానా? అక్కడికా?" పరిఘుడి ముఖం పాలిపోయింది.

కేతుమాలి నవ్వాడు గాని నవ్వు పెదవి దాటలేదు. చిరుతపులిని ఒట్టి చేతులతో చంపిన వాడతను. అయినా గాజులవాడ పేరు చెబితే అరచేతులు చెమర్చేవి. చిన్నప్పుడు అన్నం తినకపోతే నాయనమ్మ, "గాజులవాడలో వదిలేస్తా! వాళ్ళు చంటిపిల్లల ఊపిరి పట్టి గాజులో ఊదుతార్రా!" అనేది. నాయనమ్మ పోయి పన్నెండేళ్ళయింది. ఆ మాట మాత్రం పోలేదు.

జాము పొద్దెక్కేసరికి చిరుగుల తలగుడ్డ, బూడిద పూసిన ముఖం, అందరిలాగే అంజనం పెట్టిన కళ్ళు, నెత్తిన తుమ్మకట్టెల మోపుతో ఒక కట్టెలవాడు గాజులవాడలో అడుగుపెట్టాడు. మోపు నడుమ కత్తి ఉంది. వీధిలో పురుగు లేదు. ప్రతి తలుపూ బిగించి ఉంది. ప్రతి తలుపు వెనకా ఊపిరి బిగబట్టిన అలికిడి.

"కట్టెలమ్మా, తుమ్మకట్టెలు!"

ఒక తలుపు జానెడు తెరుచుకుంది. ఇరవయ్యేళ్ళ పడుచు. ఆమె కళ్ళు నిప్పుకణికల్లా ఉన్నాయి. పెదవుల చివర్లనుంచి అంగుళం పొడవు కోరలు రెండు తెల్లగా దిగి ఉన్నాయి. 

"తొమ్మిది రోజులుగా ఈ వాడకు కట్టె తెచ్చినవాడు లేడు. నీకు భయంలేదా?" అందామె.

"ఆకలుందమ్మా," అన్నాడతను. "ఆ వెనక దాచావే, ఏమిటది?"

"గాజు ఊదే గొట్టం. కొలిమిలోంచి ఇప్పుడే తీశాను. మొన్న పాలమ్మేవాడి వేషంలో ఒకడొచ్చి, అరుగుమీద కూర్చున్న ముసలాయన తల పగలగొట్టి పోయాడు. నీ మోపులో ఏముందో నాకేం తెలుసు?"

కేతుమాలి మోపును గట్టిగా పట్టుకున్నాడు. కాని ఆమె రాక్షసిలా వాసనబట్టో, చూపుబట్టో కనిపెట్టలేదు. కనిపెట్టలేకనే భయపడుతోంది. 

"ఇక్కడే ఉండు, జొన్నలు కొలుచుకొస్తాను," అని ఆమె లోపలికి తిరిగింది. అంతే! మోపు నేలకూలింది. కత్తి చేతిలోకొచ్చింది. మూడంగల్లో కేతుమాలి సందుచివర ఉన్న దీపశాలలోకి దూరి, నేలమాళిగ మెట్లమీద కిందికి దూకాడు.

పది మెట్లు, ఇరవై, అరవై! అడుగున అతని కళ్ళముందు ఒక మహాగుహ విచ్చుకుంది. పైకప్పునుంచి వేలాడే స్ఫటికపు ఊడలు, వాటి చివర నీటిబొట్లు, ప్రతి బొట్టులోనూ ఒక నీలిజ్వాల! నెమలిపింఛాలు లక్ష ఒక్కచోట కుప్పపోసినట్టు గోడలు నీలంగా, పచ్చగా, మళ్ళీ నీలంగా మారిపోతున్నాయి. గుహ నడుమ రాతిపీఠం మీద నీలదీపం. దీపం ముందు తెల్లగడ్డం వృద్ధుడొకడు పద్మాసనంలో ఉన్నాడు. అతని కోరలు గడ్డందాకా దిగి ఉన్నాయి.

వృద్ధుడి వెనక, గోడవారగా, తెల్లగుడ్డల్లో చుట్టిన మూటలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటీ చంటిపిల్ల ప్రమాణం. ఒక్కొక్కదానికీ గుండ్రటి తల. గుడ్డలు మెల్లిగా కదులుతున్నాయి. ఊపిరి తీస్తున్నాయి!

"దుర్మార్గుడా!" కేతుమాలి గర్జన గుహంతా మోగింది. "పసిపిల్లలనా? విషం ఎక్కడ దాచావు? చెప్పు!"

వృద్ధుడు కళ్ళు విప్పి చూశాడు. మాట్లాడలేదు.

"చెప్పవా? తప్పు చేసినవాడికి నోరెలా వస్తుంది!" అంటూ కేతుమాలి ఒక్క ఊపున మూటల దగ్గరికి దూకి, కత్తిమొనతో మొదటి గుడ్డ చీల్చాడు. ఖణేలుమంది. గాజుకూజా బద్దలై, చల్లటి నీళ్ళు అతని ముఖాన ఫెళ్ళున కొట్టాయి. కళ్ళలోని అంజనం చెంపలమీదుగా నల్లగా కారిపోయింది.

మూటల్లో ఉన్నవి నీళ్ళు. వడగట్టి తేర్చిన మంచినీళ్ళు. గుహలో ఎటునుంచో వీచే గాలికి వాటిమీద గుడ్డలు కదులుతున్నాయి.

కేతుమాలి ముఖం తుడుచుకుని వృద్ధుడి వంక తిరిగాడు. అంజనం పోయింది. కోరలు పోలేదు! చక్కగా, తెల్లగా, గడ్డందాకా అలాగే ఉన్నాయి. అతను కత్తి ఎత్తాడు.

వృద్ధుడు కత్తిని చూడలేదు. కేతుమాలి కుడిపాదం చూస్తున్నాడు. గాజుపెంకు దిగి నెత్తురు ధారకడుతోంది. ఆ ముసలివాడు ఆసనం విడిచి, పాక్కుంటూ వచ్చి, ఎత్తిన కత్తి కింద మోకాళ్ళమీద కూర్చుని, పాదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. ఎముకల గూడులాంటి చెయ్యి. పెంకు మెల్లిగా బయటికి వచ్చింది. తరువాత అతను నీలదీపం వంక ఒకసారి, కేతుమాలి వంక ఒకసారి చూసి, బరువుగా నిట్టూర్చి, దీపందాకా పాకి వత్తిని రెండువేళ్ళతో నలిపేశాడు.

చీకటి.

"కదలకు నాయనా," అంది చీకట్లో ఒక ఆయాసపు గొంతు. "ఇంకో పెంకుంది. లోతుగా దిగింది."

కేతుమాలి కత్తి దానంతటదే దిగిపోయింది. ఆ చీకట్లో రాక్షసుడు లేడు. ఉబ్బసంతో బాధపడే ఒక ముసలాయన మాత్రం ఉన్నాడు.

మెట్లమీద అడుగుల చప్పుడు! ఇందాకటి పడుచు ఒకచేత గాజుబుడ్డి దీపం, మరోచేత ఎర్రగా కాలిన గొట్టం పట్టుకుని సుడిగాలిలా దిగింది. "తాతా! దీపం ఎందుకార్పావు? నా పుట్టుక నుంచీ నువ్వు మధ్యలో ఆర్పటం ఎరగను!"

"ఈ అబ్బాయి మౌనంగా చెబితే వినేట్టు లేడమ్మా స్ఫటికా," అన్నాడు వృద్ధుడు.

బుడ్డి వెలుగులో కేతుమాలి ఆయన ముఖం చూశాడు. కోరలు కాదుగదా, నోట్లో ఉన్నవే నాలుగు పళ్ళు!

స్ఫటిక గొట్టాన్ని అతని కంఠం దగ్గర నిలిపింది. మీసం చురుక్కుమంది. "కట్టెలవాడివి కావు. ఎవడివి?"

"అశ్వదళ నాయకుడు కేతుమాలిని. విషం కోసం వచ్చాను."

"దొరికిందా?"

కేతుమాలి తల వంచాడు. "లేదు. మీ గుహ, మీ దీపం ముందే మాకు చూపించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో!"

స్ఫటిక కళ్ళు మండాయి. ఈసారి ఆ మంట కోపంది. "మేమెందుకు చూపించుకోవాలి? మీ సూర్యాలయంలోకి మేమొచ్చి మూటలు విప్పి చూస్తున్నామా? మీ బావులెర్రబడ్డ రోజునే మా నీళ్ళూ ఎర్రబడ్డాయి. మిమ్మల్ని ఒక్కమాటన్నామా?"

 వృద్ధుడు నీళ్ళు వడగట్టిన ఇసుక గుప్పెడు తీసి అతని చేతిలో పోశాడు. కేతుమాలి బొటనవేలితో నలిపాడు. ఎర్రటి మెత్తటి పొడి. ఉలిక్కిపడ్డాడు. పండగనాడు తన గుర్రం నొసట అతను స్వయంగా దిద్దే రంగు అది!

"జేగురుమన్ను! నెత్తురూ కాదు, విషమూ కాదు!" అని అరిచాడు. "ఇది దొరికేది ఒక్క జేగురుగుట్ట మీదే. అక్కడ కరాళదత్తుడు నగరరక్షణకని హోమం చేస్తున్నాడు. ఎవరూ ఆ దరికి రాకూడదని కాపలా పెట్టించాడు!"

"ఈ గుహలోంచి పారే వాగు ఆ గుట్టలోంచే వస్తుంది," అన్నాడు వృద్ధుడు. "నగరంలో బావులన్నిటికీ ఊట ఇదే. దోనె ఉంది. నేను రాలేను. స్ఫటికకు దారి తెలుసు."

మధ్యాహ్నానికి ఇక జామైనా లేదు. దోనె చీకటి సొరంగంలోకి దూసుకుపోయింది. ఎదురు ప్రవాహం. కేతుమాలి గడకర్ర వేస్తున్నాడు. స్ఫటిక దీపం ఎత్తి పట్టుకుంది. పైన గబ్బిలాల గుంపులు, కింద ఎర్రటి నురగ. దోనె మలుపు తిరిగిందో లేదో నీళ్ళు ఒక్కసారి పైకి లేచాయి. తాటిదుంగంత తెల్లటి మొసలి! వెలుగెరగని దాని కనుగుడ్లు పాలరాళ్ళలా ఉన్నాయి. దవడలు తెరిచి దోనె ముక్కును పటపట కొరికేసింది.

"అరవకు! అది గుడ్డిది, చప్పుడుకే వస్తుంది!" అని స్ఫటిక అతని చెవిలో ఊది, రెండు చేతుల గాజులూ లాగి, ఎదుటి రాతిగోడమీదికి బలంకొద్దీ విసిరింది. గాజులు ఘల్లున పగిలాయి. మొసలి గిరుక్కున తిరిగి గోడకేసి తల బాదుకుంది. ఆ క్షణంలో కేతుమాలి దాని వీపుమీదికి ఉరికి, తెరిచిన నోట్లో గడకర్రను నిలువునా దిగ్గొట్టాడు. మూసుకోవటానికి దవడ రాక, మొసలి తోక కొట్టుకుంటూ లోతుల్లోకి జారిపోయింది. అతను ఈదుకుంటూ దోనె అంచు పట్టుకున్నాడు. స్ఫటిక చెయ్యి చాచింది. ఇందాక కోరలు కనిపించిన ముఖం అదేనా అని అతనికి ఒక్కక్షణం సిగ్గేసింది.

ఇక గడ లేదు. గోడ పగుళ్ళు పట్టుకుని, రాళ్ళు పట్టుకుని లాక్కుంటూ పోయి, గుట్ట నడుమ పెద్ద కన్నంలోంచి పగటి వెలుగులో తేలారు. అక్కడ పదిమంది శిష్యులు జేగురుగడ్డలు రోకళ్ళతో దంచి, తట్టలకొద్దీ నీళ్ళలోకి దిమ్మరిస్తున్నారు. వాళ్ళ వెనక ఒక కొయ్యగద్ద. మనిషి నిలువుకు రెండింతలు, రేకురేకుగా చెక్కిన రెక్కలు, గోళ్ళకు ఇనుపతొడుగులు. దాని మెడమీద చెయ్యివేసి నల్లదుప్పటి కప్పుకున్న కరాళదత్తుడు నిలబడి ఉన్నాడు.

కేతుమాలి సింహంలా దూకాడు. ఇద్దరు శిష్యులు తట్టలతో సహా వాగులో పడ్డారు. మూడోవాడి రోకలి తిరగబడి వాడి మోకాలికే తగిలింది. స్ఫటిక గొట్టం ఝళిపించేసరికి మిగిలినవాళ్ళు కొండరాళ్ళ వెనక్కి పరిగెత్తారు. రెప్పపాటులో కేతుమాలి కత్తి కరాళదత్తుడి గొంతుమీద ఉంది.

"మాంత్రికాధమా! అంజనంలో వేసిన మంత్రం ఉపసంహరించు! ఈ క్షణమే!"

కరాళదత్తుడు విరగబడి నవ్వాడు. "మంత్రమా? ఏ మంత్రం?"

"జనానికి కోరలు చూపించే మంత్రం!"

"పిచ్చివాడా! ఈ గద్దను ఎగరేయటానికి నాకు పన్నెండేళ్ళ ఉపాసన పట్టింది. ఆ అంజనానికి అరఘడియ పట్టింది. ఆముదం, దీపపు మసి. అంతే! నేను భరిణె మూత తీసి, 'వాళ్ళెలా కనిపిస్తున్నారు నాయనలారా?' అని అడిగాను. ఒకడు ఎర్రకళ్ళన్నాడు. పక్కవాడు కోరలన్నాడు. మూడోవాడికి ఏమీ కనిపించలేదు. కాని ఆ మాట చెబితే తననూ వాళ్ళలో కలిపేస్తారని భయపడి గోళ్ళు కూడా ఉన్నాయన్నాడు. సాయంత్రానికి నగరమంతా చూసింది. నిజం చెప్పు నాయకా, కళ్ళు కడుక్కున్నాక నీకు కోరలు కనిపించలేదూ?"

కేతుమాలి చెయ్యి ఒక్క వెంట్రుకవాసి సడలింది.

"బావుల్ని ఎర్రగా చేసింది నేను. మిగతాదంతా మీరే చేసుకున్నారు. భయపడ్డ మీ రాజు నిన్ననే రాజముద్రిక నా చేతిలో పెట్టాడు!" అంటూనే కరాళదత్తుడు గుప్పెడు జేగురుపొడి అతని కళ్ళలో కొట్టాడు. కొయ్యరెక్క ఒకటి కేతుమాలి రొమ్మును చాచి కొట్టింది. అతను లేచి కళ్ళు నులుముకునేసరికి గద్ద ఆకాశంలో నల్లటి చుక్కయి నగరంకేసి పోతోంది.

అదే సమయంలో దూరంగా, తూర్పుకోట మీద మధ్యాహ్నభేరి మొదటి దెబ్బ మోగింది.

"నాయకా! దోనె!" అరిచింది స్ఫటిక.

రావటానికి అరజాము పట్టిన దారి, ప్రవాహం వాలులో పావుఘడియ పట్టింది. దోనె బాణంలా దూసుకుపోయి, గుహ అంచున రాతికి తగిలి ముక్కలైంది. అరవై మెట్లూ ఆరంగల్లో ఎక్కినట్టు ఎక్కి, ఇద్దరూ వీధిలో పడ్డారు. గాజులవాడ ముఖద్వారం వద్ద మూడువందల గుర్రాలు సకిలిస్తున్నాయి. మూడువందల కాగడాలు ఎండలో పొగ కక్కుతున్నాయి.

"ఆగండి! నేను కేతుమాలిని! బావుల్లో ఉన్నది జేగురుమన్ను! కరాళదత్తుడే కలిపించాడు!"

ముందు వరసలో ఉన్న పరిఘుడు అతన్ని చూశాడు. చినిగిన బట్టలు, తడిసిన జుట్టు, ఒళ్ళంతా ఎరుపు, పక్కన నీలదీపుల పడుచు! అతని కళ్ళు భయంతో పెద్దవయ్యాయి.

"రాక్షసుడు మా అన్న రూపంలో వచ్చాడు! కోరలు... కోరలు చూడండి!" అంటూ బల్లెం ఎత్తాడు.

మూడువందల గొంతులు ఒక్కటై, "కోరలు! కోరలు!" అన్నాయి. తనకు లేని కోరలు తన సైనికులందరికీ కనిపిస్తుంటే ఎలా ఉంటుందో కేతుమాలికి అప్పుడు తెలిసింది. పారిపోతే రుజువైపోతుంది. కత్తి ఎత్తితే రుజువైపోతుంది. నోరు మూసుకుంటే అదీ రుజువే!

అతను కత్తిని దూరంగా విసిరేశాడు. చేతులు చాపి, బల్లెం మొన రొమ్ముకు తగిలేదాకా నడిచాడు.

"పొడుస్తావా, పొడు తమ్ముడూ. కాని దూరంనుంచి చూసి పొడవకు. దిగు. నా నోట్లో చెయ్యి పెట్టి చూడు. కొరికితే నన్ను చంపటానికి నీ వెనక మూడువందలమంది ఉన్నారు."

"దిగకు! దగ్గరికి పోకు!" అని వెనకనుంచి అరుపులు. పరిఘుడు ఆ అరుపులకేసి ఒకసారి తిరిగి చూశాడు.  ఆ తరువాత ఎలా దిగాడో అతనికే తెలియదు. గుర్రం దిగాడు. కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాపాడు. వేళ్ళు గడ్డాన్ని తాకాయి. పెదవుల్ని తాకాయి. పళ్ళమీద నడిచాయి. ముందుపన్ను అంచున చిన్న సందు. ఇద్దరూ కుస్తీ నేర్చుకునే రోజుల్లో తన మోచెయ్యి తగిలి విరిగిన పన్ను!

పరిఘుడు కళ్ళు తెరిచాడు. "అన్నా!" అని ఏడ్చేశాడు.

"మోసం! వాడికీ మాయ కమ్మింది! తగలబెట్టండి!" ఆకాశంలోంచి కరాళదత్తుడి గొంతు ఉరిమింది. కొయ్యగద్ద నీడ వీధిమీద పడింది. ఎవడో విసిరిన కాగడా మొదటి ఇంటి తాటాకు కప్పుమీద పడి భగ్గుమంది. గద్ద రివ్వున కిందికి దిగి, ఇనుపగోళ్ళతో స్ఫటికను ఎత్తుకుని పైకి లేచింది.

కేతుమాలి పరిఘుడి గుర్రం వీపుమీదికి ఎగిరి, జీనుమీద నిలబడి, ఒక్క ఉరుకు ఉరికి గద్ద కాలును రెండు చేతులా అందుకున్నాడు. నేల కాళ్ళకిందినుంచి జారిపోయింది. స్ఫటిక తన చేతిలోని గొట్టంతో కొయ్యరెక్కల కీలును ఠంగుఠంగున కొడుతోంది. "కిందికి చూడకు, నాయకా!" అని అరిచింది.

అతను చూశాడు. మండుతున్న కప్పుకు అడ్డంగా పరిఘుడు ఒంటరిగా నిలబడి, తన సొంత సైన్యంకేసి బల్లెం తిప్పాడు. ఇరుకు వీధిలో ఒక క్షణం ఎవరూ కదల్లేదు. తరువాత వరసలోంచి ఒక గుర్రం ముందుకొచ్చి పరిఘుడి పక్కన తల తిప్పి నిలబడింది. ఇంకొకటి. ఆ పైన రెండు ఒక్కసారే వచ్చాయి. అయిదోది వరస దాటిందో, సగంలో ఆగిపోయిందో చూసేలోగా గద్ద తెల్లటి మేఘంలోకి దూరిపోయింది.